పది నిమిషాల పనికి పొద్దంతా

మా గల్లీ చివర ఒక డాక్యుమెంట్ రైటర్ ఉంటాడు. నల్లగొండలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్క సందులో ఆయనది చిన్న గది. ఒక టేబులు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పాత కంప్యూటర్. ఇరవై ఏళ్లుగా అక్కడే కూర్చొని సేల్ డీడ్లు, గిఫ్ట్ డీడ్లు, భాగపంపిణీ దస్తావేజులు టైపు చేస్తున్నాడు. నేను ఆయన్ని పెద్దన్నా అంటాను, ఆయన నన్ను తమ్మీ అంటాడు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "తమ్మీ, డి డ్రైవ్ల రెండొందల జీబీ ఖాళీ ఉన్నదంటది. అయిదు జీబీ ఫైలు పెడ్తనంటే పట్టదంటది. దీని నోరేమన్న చిన్నగున్నదా?" అన్నాడు.

నవ్వాను గానీ ఆయన అన్నది అక్షరాలా నిజం. డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పద్ధతిని ఫైల్ సిస్టం అంటారు. ఆ డ్రైవ్ ఇంకా ఎఫ్ఏటీ32 అనే పాత ఫైల్ సిస్టంలోనే ఉంది. ఒక్కో ఫైలు సైజు రాసుకోవడానికి అందులో ఉన్న చోటు 32 బిట్లే కాబట్టి, 4 జీబీకి ఒక్క బైటు తక్కువ వరకే ఏ ఫైలైనా పడుతుంది. గోదాము ఎంత పెద్దదైనా దాని తలుపు అంతే. పెద్దన్న పాత దస్తావేజుల స్కాన్లన్నీ కలిపి ఒకే జిప్ ఫైలుగా చేయించుకున్నాడు, అదే ఈ అయిదు జీబీ.

నాకన్నా ముందు కంప్యూటర్ షాపు పిల్లగాడిని పిలిచాడట. అతను రెండు నిమిషాలు చూసి, "మొత్తం ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగ వేద్దాం అంకుల్, ఫ్రీ అయిపోతది" అని అయిదు వందలు చెప్పాడట. పెద్దన్నకు కంప్యూటర్ పెద్దగా తెలియదు, కానీ దస్తావేజులు రాసే మనిషి కదా, తర్కం తెలుసు. "డి డ్రైవ్ల తప్పుంటె సి డ్రైవ్ల ఉన్న విండోస్ ఎందుకు తియ్యాలె?" అని నన్ను అడిగాడు.

ఆ ప్రశ్నే నాతో ఇది రాయిస్తోంది. ఫైల్ సిస్టం మార్చడానికి, విండోస్ గానీ లినక్స్ గానీ మళ్లీ వెయ్యాల్సిన పని లేదు. ఈ మాట ఎంత గట్టిగా అంటానో, "డేటా ఎక్కడికీ పోదు, బ్యాకప్ అక్కర్లేదు" అన్న మాటను అంతే గట్టిగా కాదంటాను. రెండూ ఒకే నోట చెబితే తిరకాసులా వినిపిస్తుంది. నాకూ ఈ రెండు మాటలూ ఒకేసారి తెలియలేదు. మొదటిది 2005లో తెలిసింది, రెండోది తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

జీలకర్ర బెల్లం దగ్గర ఆగిన పెళ్లి

2005లో మా బావకు మిర్యాలగూడలో ఫొటో స్టూడియో ఉండేది. అప్పుడే మినీ డీవీ కెమెరా కొన్నాడు. క్యాసెట్లోని పెళ్లిని కంప్యూటర్‌లోకి ఎక్కించి మిక్సింగ్ చెయ్యాలి. ఆ రకం వీడియో గంటకు 13 జీబీ దాకా తింటుంది. రాత్రి క్యాప్చర్ పెట్టి పడుకుంటే పొద్దున లేచేసరికి ఇరవై నిమిషాల వీడియో మాత్రమే ఉండేది. ఒక పెళ్లిలో సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే ముందు ఆగిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ అక్కడే ఆగింది. బావ క్యాసెట్ పాడైందనుకున్నాడు, తర్వాత కెమెరా మీద అనుమానపడ్డాడు, ఆఖరికి ఆ పెళ్లివాళ్లదే ఏదో దోషం అన్నాడు. లెక్క వేసి చూస్తే ఇరవై నిమిషాలంటే 4 జీబీ.

ఆ కంప్యూటర్‌లో విండోస్ ఎక్స్‌పీ ఉంది. కానీ వేసిన మనిషి డిస్కును విండోస్ 98 బూట్ సీడీతో ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసి, దాని మీద ఎక్స్‌పీ ఎక్కించాడు. ఎందుకిలా అంటే అతని దగ్గర జవాబుంది. డాస్ అనే పాత సిస్టం ఫ్లాపీతో బూట్ చేస్తే ఎఫ్ఏటీ కనబడుతుంది, పెద్ద ఫైళ్లు పట్టే ఫైల్ సిస్టం ఎన్‌టీఎఫ్‌ఎస్ కనబడదు. రేపు విండోస్ లేవకపోతే ఫ్లాపీ పెట్టి ఫొటోలు బయటికి తీసుకోవచ్చు. ఆ రోజుల్లో అది మంచి కారణమే. అతనూ ఫార్మాట్ కొట్టమనే చెప్పాడు.

నేను అప్పుడు డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను, ఎక్కడో చదివాను, ఎక్స్‌పీలోనే ఎఫ్ఏటీని ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా మార్చే కన్వర్ట్ అనే కమాండ్ ఉందని. ఒక్క లైను. కొట్టగానే, సి డ్రైవ్ వాడకంలో ఉంది, ఇప్పుడు మార్చలేను, ఈసారి స్టార్ట్ అయ్యేటప్పుడు మార్చనా అని అడిగింది. వై కొట్టాను. బ్యాకప్ ఎక్కడ తీస్తాం? నలభై జీబీ డిస్కు, ఒక్కో సీడీ 700 ఎంబీ. ఎడిటింగ్ సగంలో ఉన్న రెండు పెళ్లిళ్ల ఫైళ్లు మాత్రం సీడీల్లోకి రాసుకున్నాం. మిగతాదంతా దేవుడి మీద భారం. వేసవి కాలం, కరెంట్ ఎప్పుడు పోతుందో తెలియదు, యూపీఎస్ పది నిమిషాలు నిలబడితే గొప్ప. రాత్రి పదకొండు దాటితే కరెంట్ తియ్యరని బావ నమ్మకం. పదకొండున్నరకు రీస్టార్ట్ కొట్టాం.

ముందు డిస్కును తనిఖీ చేసుకుంది. ఎంత ఖాళీ కావాలో లెక్క వేసుకుంది. తర్వాత మారుస్తున్నానని ఒక లైను. బావ ఫ్యాను కూడా ఆపేశాడు, లోడు తగ్గుతుందని. చెమటలు కారుతూ ఇద్దరం ఆ లైనునే చూస్తూ కూర్చున్నాం. అరగంటలో ఎక్స్‌పీ లేచింది. డెస్క్‌టాప్ మీద వాల్‌పేపర్ కూడా మారలేదు. ఆ రాత్రే క్యాసెట్ పెడితే గంట పెళ్లీ ఏకబిగిన ఎక్కింది.

ఆ కమాండ్ లోపల చేసే పని పెద్ద మాయేం కాదు. ఫైళ్లలోని సరుకు దాదాపు ఎక్కడిది అక్కడే ఉంటుంది. ఏ ఫైలు ఎక్కడ ఉందో చెప్పే పట్టిక ఒకటి కొత్త పద్ధతిలో ఖాళీ జాగాలో రాసుకుంటుంది, అంతా కుదిరాక పాత పట్టికను పక్కన పెడుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ నుంచి వెనక్కి ఎఫ్ఏటీకి పోవడానికి మాత్రం అందులో దారి లేదు.

నా కథ ఇక్కడ ఆగితే నేను గెలిచినట్టే. కానీ కొన్ని నెలలకు బావ కంప్యూటర్ నీరసించింది. క్యాప్చర్‌లో ఫ్రేములు ఎగిరిపోవడం మొదలైంది. డిస్క్ తనిఖీ పెడితే చివర్లో ఒక లైను కనిపించింది, ఒక్కో అలొకేషన్ యూనిట్, అంటే డిస్కు జాగాను పంచే ముక్క, 512 బైట్లు అని. మామూలుగా ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో అది 4 కేబీ ఉండాలి. విండోస్ 98 తో ఫార్మాట్ చేసిన డిస్కులో ముక్కల హద్దులు కొత్త పద్ధతికి సరిగా కలవకపోతే, ఎక్స్‌పీ కన్వర్ట్ చిన్నాతి చిన్న ముక్కకు దిగిపోతుంది. అంటే ఎనిమిది రెట్లు ఎక్కువ ముక్కల లెక్క మొయ్యాలి. ఫార్మాట్ కొట్టమన్న మనిషి వచ్చి చూసి, "నేను అప్పుడే చెప్పిన కదా" అన్నాడు. అతను చెప్పిన కారణం ఇది కాదు. అయినా అతనిదే నెగ్గింది. ఆ దీపావళికి బావ కొత్త డిస్కు కొన్నాడు.

అయితే ఆ రాత్రి నేను నేర్చుకున్న తప్పు పాఠం ఇది కాదు. కరెంట్ పోలేదు, డిస్కు బాగుంది, కాబట్టి బ్యాకప్ లేకపోయినా పని జరిగిపోయింది. అదృష్టాన్ని తెలివి అనుకున్నాను. తర్వాత చాలా మందికి, "ఒక్క కమాండ్, ఏం కాదు, కొట్టండి" అని ధైర్యంగా చెప్పాను. ఎవరిదీ పోలేదు. ఇప్పుడు తలచుకుంటే వీపు జలదరిస్తుంది.

ఫార్మాట్ అంటే ముందే ఒప్పుకున్న నష్టం

షాపు పిల్లలను తిట్టడం సులువు. నేనూ చాలాసార్లు తిట్టాను. ఈ మధ్య వాళ్ల వైపు నుంచి ఆలోచిస్తున్నాను.

ఫార్మాట్ గంట పని. అయిదు వందలు వస్తాయి. అందులో వైరస్ ఉన్నా పోతుంది, విండోస్‌లో పేరుకున్న చెత్తా పోతుంది, కస్టమర్ ఇంటికెళ్లి "ఫ్రీ అయింది" అంటాడు. దానికన్నా ముఖ్యం, ఫార్మాట్ కొట్టే ముందు "డేటా పోతది అంకుల్, సరేనా" అని అడుగుతారు, మనం సరే అంటాం. అంటే నష్టానికి మనమే సంతకం పెట్టినట్టు. అదే కన్వర్ట్ చేస్తుంటే మధ్యలో ఏదైనా అయితే గొడవ అతని మీదికి వస్తుంది. "నా బిడ్డ ఫొటోలు పోయినయ్" అని కౌంటర్ దగ్గర నిలబడే తల్లికి ఎఫ్ఏటీ గురించి ఏం చెబుతాడు? బ్యాకప్ తీసి చేద్దామంటే నాలుగైదు గంటలు. నాలుగైదు గంటలకు ఎవరిస్తారు డబ్బులు? కాపీ అవుతున్న బార్ చూస్తూ కూర్చోవడాన్ని మన ఊళ్లో ఎవరూ పని అనుకోరు.

అందుకే వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. లెక్కలో ఒక వైపు మాత్రమే రాస్తున్నారు. పెద్దన్న కంప్యూటర్‌లో ఏముందో చూడండి. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి, డి డ్రైవ్‌లోనే ఇన్‌స్టాల్ అయి ఉంది. అది వేసిన మనిషి ఊరొదిలి ఎప్పుడో హైదరాబాద్ పోయాడు, సీడీ లేదు. ఇరవై ఏళ్ల దస్తావేజు నమూనాలన్నీ ఆ ఫాంటులోనే ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే "తూర్పు హద్దు" అన్న చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు కనబడతాయి. ప్రింటరు మార్జిన్లు ఒక్కో రకం దస్తావేజుకు ఒక్కో తీరుగా సరిచేసి పెట్టుకున్నాడు. ఇవేవీ "మై డాక్యుమెంట్స్ బ్యాకప్ తీసిన అంకుల్" అనే మాటలోకి రావు. ఫైళ్లు తిరిగొస్తాయి గానీ అలవాటైన కంప్యూటర్ తిరిగి రాదు. విండోస్ మళ్లీ వెయ్యడానికి గంట, పెద్దన్న మళ్లీ మునుపటిలా పని చేసుకోవడానికి ఒక నెల. ఆ నెల ఎవరి ఖాతాలోనూ పడదు.

ఇదే ధోరణి ఇప్పుడు ఇంకో రూపంలో చూస్తున్నాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10 కు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ పదకొండుకు మారాలంటే డిస్కు ఎంబీఆర్ పద్ధతి నుంచి జీపీటీకి మారాలి, అందుకు మొత్తం తుడిచెయ్యాల్సిందే అని చెబుతున్నారు. ఇది ఫైల్ సిస్టం కాదు, దానికి పైనుండి డిస్కులో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక, అయినా కథ ఒకటే. తుడవకుండా మార్చే పనిముట్టు 2017 నుంచి విండోస్‌లోనే ఉంది. ముందు సాధ్యమా కాదా అని ఉత్తినే పరీక్ష చేసి చెప్పే ఆప్షన్ కూడా అందులో ఉంది.

మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యడమే సరైన సందర్భాలు లేవా? ఉన్నాయి. వైరస్ దూరి ఎక్కడెక్కడ ఏం మార్చిందో తెలియనప్పుడు, విండోసే సగం చచ్చి ఉన్నప్పుడు, పాతదాన్ని కొత్త పట్టిక కిందికి తేవడం అంటే రోగాన్ని భద్రంగా కాపాడుకోవడమే. నా అభ్యంతరం ఆ మందు మీద కాదు, తలనొప్పికీ కాలినొప్పికీ అదే మందు ఇవ్వడం మీద.

తాళంచెవి పాత ఇంటిది

2021లో నా సొంత లాప్‌టాప్ మీద పడ్డాను. అందులో ఉబుంటు అనే లినక్స్, దాని ఫైల్ సిస్టం ఈఎక్స్‌టీ4. అంతకు ముందు ఏడాది ఫెడోరా అనే ఇంకో లినక్స్ వాళ్లు తమ డెస్క్‌టాప్‌కు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టంను డిఫాల్ట్ చేశారు. స్నాప్‌షాట్లు తీసుకోవచ్చు, రాసిన ప్రతి ముక్కకూ చెక్‌సమ్, అంటే సరిచూసే లెక్క ఒకటి, ఉంచుకొని చదివేటప్పుడు సరిచూసుకుంటుంది. చప్పుడు లేకుండా పాడైపోయే ఫొటోల గురించి భయం ఉన్నవాడిని, నాకు ఆ చెక్‌సమ్ మీద మోజు కలిగింది.

దీనికీ ఒక కన్వర్ట్ పనిముట్టు ఉంది, విండోస్ దానికన్నా తెలివైనది. లైవ్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్కు వాడకంలో లేనప్పుడు నడపాలి. అది కూడా సరుకును కదపదు, కొత్త పట్టికను ఖాళీ జాగాలో రాస్తుంది. తేడా ఏమిటంటే, పాత ఫైల్ సిస్టం రూపాన్ని మొత్తంగా ఒక పక్క ఫోల్డర్‌లా దాచి ఉంచుతుంది. నచ్చకపోతే వెనక్కి పోవచ్చు. ఆ దాచినదాన్ని తీసెయ్యనంత వరకే ఆ దారి. వెనక్కి పోతే మధ్యలో రాసినవన్నీ పోతాయి. అయినా సరే, వెనక్కి దారి ఉన్న మార్పు వేరు, లేని మార్పు వేరు. 2005 రాత్రి అలాంటి దారి ఒకటి ఉంటే బావ ఫ్యాను ఆపేవాడు కాదు.

మార్పు నలభై నిమిషాల్లో అయిపోయింది. ఒక్క ఎర్రర్ లేదు. రీస్టార్ట్ కొట్టాను. నల్ల తెర, గ్రబ్ రెస్క్యూ అని ఒక లైను, పక్కన కొట్టుకుంటున్న కర్సర్. అంతే.

నా సిస్టం ఎక్కడికీ పోలేదు, అన్నీ డిస్కు మీదే ఉన్నాయి. కానీ ఫైల్ సిస్టం మారినప్పుడు దాని యూయూఐడీ కూడా మారింది. అది ఆ డిస్కు భాగానికి ఆధార్ నంబర్ లాంటిది. సిస్టంను లేపే గ్రబ్ అనే ప్రోగ్రామ్ పాత నంబర్‌నే వెతుకుతోంది. ఏ డిస్కు భాగం ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్లోనూ పాత నంబరే, పైగా ఈఎక్స్‌టీ4 అనే రాసి ఉంది. ఇల్లు కొత్తది, తాళంచెవి పాత ఇంటిది. మళ్లీ పెన్ డ్రైవ్‌తో లేపి, లోపలికి దూరి, ఎఫ్‌స్టాబ్ దిద్ది, బూట్ అయ్యేటప్పుడు వాడే ఇనిట్ ర్యామ్ ఎఫ్‌ఎస్ మళ్లీ తయారు చేసి, గ్రబ్ మళ్లీ ఎక్కించేసరికి రాత్రి రెండు గంటలు. పాత నంబర్‌నే ఉంచమని చెప్పే ఆప్షన్ ఆ పనిముట్టులో ఉందని మర్నాడు మాన్యువల్ మొత్తం చదివితే తెలిసింది. మనవాళ్లు మాన్యువల్ ఎప్పుడూ మర్నాడే చదువుతారు.

ఈసారి నాకు భయం వెయ్యలేదు. ఎందుకని ఆలోచిస్తే జవాబు ఒకటే. లాప్‌టాప్ మొత్తం ఒక బయటి డిస్కులోకి ముందే కాపీ చేసి ఉంది. గ్రబ్ రెస్క్యూ చూసి నేను టీ పెట్టుకొని వచ్చాను. చేతుల్లో వణుకు లేకుండా పని చేసేవాడికి కమాండ్ తప్పు పోదు. బ్యాకప్ వల్ల డేటా మిగలడం సరే, మనిషి మనిషిలా ఉండగలగడం దానికన్నా ముందు.

ఇక్కడే ఒక వాదన వస్తుంది. యాపిల్ వాళ్లు 2017 మార్చిలో ఒక అప్‌డేట్‌తో కోట్ల ఐఫోన్లను పాత ఫైల్ సిస్టం నుంచి ఏపీఎఫ్‌ఎస్‌కు మార్చేశారు. వాడేవాళ్లకు తెలియనే లేదు, ఎవరినీ బ్యాకప్ డిస్కు కొనుక్కోమనలేదు. మరి నువ్వెందుకింత యాగీ చేస్తావ్ అని నా మిత్రుడొకడు అడిగాడు. నిజమే. కానీ వాళ్లు అంతకు ముందు అప్‌డేట్లలోనే ఫోన్లలో ఉత్తుత్తి మార్పు ఒకటి చేసి, ఫలితం చూసుకొని, తిరిగి పాతదే ఉంచారు. బ్యాటరీ సగం లేకపోతే చార్జర్ పెట్టేదాకా అప్‌డేటే మొదలు కాదు. ఒకే రకం ఫోను, వాళ్లు చేసిందే, వాళ్లకు తెలిసిందే. మన డిస్కుల్ని మాత్రం ఎవరు ఎప్పుడు దేనితో ఫార్మాట్ చేశారో మనకే తెలియదు. ఎన్నిసార్లు కింద పడిందో పిల్లలు చెప్పరు.

రాళ్లకు నంబర్లు

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. బయట పూర్తి కాపీ ఉందంటే, ఉన్నచోటనే మార్చే ఆ కమాండ్‌తో ఇక పనేముంది? డిస్కును శుభ్రంగా కొత్త పద్ధతిలో ఫార్మాట్ చేసి, కాపీని వెనక్కి పోసుకోవచ్చు కదా? 512 బైట్ల గొడవ ఉండదు, పాత హద్దుల వంకర ఉండదు. ఈ మధ్య నేను ఈ వైపే మొగ్గుతున్నాను. ఇది ఫార్మాటే, కానీ మళ్లీ ఇన్‌స్టాల్ కాదు. జనం ఈ రెండింటినీ కలిపేస్తారు.

అలంపురంలో సంగమేశ్వరాలయం చూసినవాళ్లకు తెలుసు, అది అక్కడ పుట్టిన గుడి కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి దగ్గర ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి తెచ్చి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. కొత్త గుడి కట్టలేదు, అదే గుడిని వేరే నేల మీద పెట్టారు. అలాంటి పనిలో రాళ్లు మొయ్యడం కన్నా, ఏ రాయి ఏ వరుసలోదో దాని మీద రాసుకోవడం ముఖ్యం. ఆ గుర్తులు లేకపోతే తెచ్చింది గుడి కాదు, రాళ్ల కుప్ప.

లినక్స్‌ను కాపీ చేసి వెనక్కి పొయ్యడంలో అందరూ తప్పేది సరిగ్గా ఆ గుర్తుల దగ్గరే. ఫైల్ మేనేజర్‌లో అన్నీ సెలెక్ట్ చేసి కాపీ, పేస్ట్ కొడితే ఫైళ్లన్నీ వస్తాయి, ఏ ఫైలు ఎవరిదో మాత్రం రాదు. అన్నీ మీ పేరు మీదికి వచ్చేస్తాయి. అప్పుడు అడ్మిన్ అధికారం ఇచ్చే సుడో కమాండ్ కొడితే, నా ఫైలు రూట్ అనే అడ్మిన్ పేరు మీద లేదు, నేను పని చెయ్యను అని మొరాయిస్తుంది. ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్‌కు సరైన ఆప్షన్లు ఇచ్చి, యజమాని పేరు, అనుమతులు, హార్డ్ లింకులు అన్నీ కలిపి తీస్తే అదే సిస్టం వేరే ఫైల్ సిస్టం మీద లేచి కూర్చుంటుంది. తర్వాత ఎఫ్‌స్టాబ్, గ్రబ్ దిద్దడం ఎలాగూ తప్పదు.

విండోస్ సి డ్రైవ్‌కు ఈ ఎఫ్ఏటీ బాధ ఇప్పుడు లేదు. విస్టా నుంచి అది ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద తప్ప ఇన్‌స్టాలే కాదు. మిగిలింది పెద్దన్న డి డ్రైవ్ లాంటివి, పాత బయటి డిస్కులు, పెన్ డ్రైవులు.

ఆదివారం సంగతి

పది గంటలకు నా ఒక టీబీ డిస్కు పట్టుకొని పెద్దన్న గదికి పోయాను. "ఎంతసేపు పడ్తది తమ్మీ?" అంటే, "మార్చడానికి పది నిమిషాలు. దానికి ముందు కాపీకి సాయంత్రం దాకా" అన్నాను. "పది నిమిషాల పనికి పొద్దంతనా?" అని నోరు తెరిచాడు.

పాత కంప్యూటర్, పాత యూఎస్‌బీ, వేలకు వేలు చిన్న చిన్న స్కాన్లు. బార్ కదులుతున్నట్టే ఉండదు. ఇన్వర్టర్ ఉంది కాబట్టి కరెంట్ సంగతి పట్టించుకోలేదు. టీ తాగుతూ అసలేం చేస్తామో ఆయనకు చెప్పాను, సరుకు కదలదు, పట్టిక మారుతుంది అని. ఆయన వెంటనే అందుకున్నాడు. "అంటే భూమి కదలది, పహాణీ మారుతది." ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. ఒక గుటక టీ తాగి, "మరి పహాణీ మార్చేటప్పుడు పేరు తప్పు పడ్తె? భూమి ఆన్నే ఉంటది, నీది కాకుంట పోతది" అన్నాడు. ముప్పై ఏళ్ల కిందటి పహాణీలో ఒక్క అక్షరం తప్పుపడి తిరుగుతున్నవాళ్లను రోజూ చూస్తాడు ఆయన. ఆ తర్వాత సాయంత్రం దాకా ఎంతసేపు అని మళ్లీ అడగలేదు.

మూడున్నరకు కాపీ ఆగింది. ఒక ఫైలు చదవలేకపోతున్నానని విండోస్ చెప్పింది. దాటేసి పొమ్మన్నాను. కాసేపటికి ఇంకొకటి. డిస్కు ఆరోగ్యం చూపించే ప్రోగ్రామ్ ఒకటి పెట్టి చూస్తే, చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లు కొన్ని పోగై ఉన్నాయి. చెవి పెట్టి వింటే లోపల సన్నగా టిక్కు టిక్కు.

కన్వర్ట్ కమాండ్ కొట్టే ఆలోచన అక్కడితో మానుకున్నాను. సచ్చేవాడి చేత వీలునామా మళ్లీ రాయించినట్టు ఉంటుంది అది. పొద్దున్నే ఫోన్లో, "ఒక్క లైను పెద్దన్నా, చెప్తా కొట్టు" అని ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు నేను ఊహించదలచుకోలేదు. కన్వర్ట్ ముందు తనిఖీ చేసుకుంటుంది, ఆగిపోయేదేమో. ఆగకపోయేదేమో.

మర్నాడు అదే షాపు పిల్లగాడి దగ్గర డి డ్రైవ్‌కు కొత్త డిస్కు కొన్నాం, అతనే వచ్చి బిగించాడు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసి, నా డిస్కులోంచి అన్నీ పోసి, పాతదాని డి అక్షరాన్నే కొత్తదానికి ఇచ్చాను. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ తన ఇల్లు మారిందని కూడా తెలియకుండా తెరుచుకుంది. విండోస్ జోలికి ఎవరూ పోలేదు. పిల్లగాడు అంతా చూసి, "అంటే మీరు కన్వర్ట్ చెయ్యనే లేదు కదా అంకుల్?" అన్నాడు. లేదన్నాను. "మరి నేను గూడ ఫార్మాటే చెప్పిన కదా" అన్నాడు. దానికి నా దగ్గర వెంటనే జవాబు రాలేదు. డి అక్షరం మార్చిన చోటు చూపించాను, ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

చదవలేకపోయిన రెండు ఫైళ్లూ 2009 నాటి స్కాన్లు. వాటి జిరాక్స్‌లు రేకు పెట్టెలో దొరికాయి, పెద్దన్న మళ్లీ స్కాన్ చేసుకున్నాడు. అయిదు జీబీ జిప్ ఫైలు కిక్కురుమనకుండా లోపలికి పోయింది. విప్పిన పాత డిస్కును నేను చెత్తలో వేస్తానంటే ఇవ్వలేదు. దానికి తెల్ల కాగితం అంటించి, మీద "రద్దు" అని రాసి, తేదీ వేసి, కింద సంతకం పెట్టి, అదే రేకు పెట్టెలో పెట్టుకున్నాడు.